ప్రాణహిత లోయ నేర్పు ప్రాణవిద్య: ఇల్లెందు బొగ్గు, పర్ణశాల ఆకు, మన ఊపిరి

ఖమ్మము నుండి భద్రాచలమునకు బస్సులు లేని కాలమున యాత్రికులు ఎడ్లబండ్ల మీదను, కాలినడకను అరణ్యమార్గమున దినముల తరబడి పయనించెడివారు. చీకటి పడిన చోట విడిది చేసి, మూడు రాళ్లు పేర్చి వంట చేసికొనెడివారు. ఆ కాలపు కథ ఒకటి ఇల్లెందు ప్రాంతమున నేటికిని వినవచ్చును. 1870 ప్రాంతమున భద్రాద్రి రాముని దర్శింపబోవు యాత్రికులు కొందరు అచ్చట దొరికిన నల్లరాళ్లను పొయ్యిగా పేర్చి నిప్పు రాజేసిరట. కట్టెలతోపాటు పొయ్యిరాళ్లు కూడ మండినవట.

ఇది జనశ్రుతి. చరిత్ర చెప్పునది ఇది: 1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియమ్ కింగ్ ఇల్లెందు సమీపమున బొగ్గును గుర్తించెను. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ గనుల హక్కులను పొందెను. 1889 నాటికి బొగ్గు తవ్వకము ఆరంభమయ్యెను. సమీపమునందలి సింగరేణి గ్రామము పేర 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. ఇల్లెందునకు 'బొగ్గుట్ట' అను పేరు స్థిరపడెను.

ఆ పొయ్యి వద్ద జరిగినది కేవలము వంట కాదు. మండుచున్న రాయి గాలి నుండి ఏ వాయువును గ్రహించెనో, పొయ్యి ముందు కూర్చున్న యాత్రికుడు కూడ అదే వాయువును గ్రహించెను. ఇద్దరును విడిచినది కూడ ఒకే వాయువు. చుట్టునున్న అడవి ఆకులు మరునాటి సూర్యోదయమున ఆ విడిచినదానినే ఆహారముగా స్వీకరించెను. రాయి, మనుష్యుడు, ఆకు: ఈ ముగ్గురి మధ్య జరుగు ఇచ్చిపుచ్చుకొనుట ఒక్కటే. దీనిని మానవజాతి ఎట్లు తెలిసికొన్నది, మన ఉపనిషత్తుల ప్రాణవిద్యకు దీనితో సంబంధమేమి, ఆ సంబంధమును ఎంతవరకు చెప్పుట ధర్మము అనునవి ఈ వ్యాసమున విచారింతము.

రైక్వుని సంవర్గవిద్య

ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయమున జానశ్రుతి అను రాజు కథ కలదు. మహాదాత; ఊరూర అన్నసత్రములు కట్టించినవాడు. ఒక రాత్రి తనపైగా ఎగిరిపోవు హంసల సంభాషణ వలన, తనకంటె గొప్పవాడు రైక్వుడు అను బండివాడు కలడని వినెను. వెదకించి చూడగా ఆ రైక్వుడు బండి క్రింద కూర్చుండి గజ్జి గోకుకొనుచుండెను. రాజు తెచ్చిన ధనమును మొదట తిరస్కరించి, తుదకు ఆయన ఉపదేశించినదే సంవర్గవిద్య. సంవర్గమనగా సమస్తమును తనలోనికి లాగికొనునది. బాహ్యప్రపంచమున అగ్ని ఆరినపుడు వాయువునందే లయించును. సూర్యచంద్రులు అస్తమించినపుడును, నీరు ఇంకినపుడును చేరునది వాయువునే. దేహమునందు మనుష్యుడు నిద్రించినపుడు వాక్కు, చక్షుస్సు, శ్రోత్రము, మనస్సు ప్రాణమునందు లయించును. వెలుపల వాయువు, లోపల ప్రాణము: సంవర్గములు రెండే.

ఈ ఉపదేశములోని విశేషమును గమనింపుడు. ఋషి ప్రాణమును దేహములో బంధించి చూడలేదు. వెలుపల ఉన్న మహత్తరమైనదానికి జతగా నిలిపెను. ప్రశ్నోపనిషత్తులో పిప్పలాద మహర్షి కబంధి కాత్యాయనునకు ఇచ్చిన సమాధానమున కూడ జంటయే కనిపించును. ప్రజాపతి సృష్ట్యాదిని రయిని, ప్రాణమును జంటగా పుట్టించెను. ఆదిత్యుడు ప్రాణము, చంద్రుడు రయి, అనగా మూర్తమైన ద్రవ్యము. ఒకటి లేక రెండవది లేదు.

ఈ వాక్యములను చూపి "మన ఋషులకు ఆక్సిజన్ ముందే తెలియును" అని వాదించు వారున్నారు. ఇది శాస్త్రమునకు గాని విజ్ఞానమునకు గాని గౌరవము కాదు. బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయము నాలుగవ పాదమున ముఖ్యప్రాణము కేవల వాయువు కాదు, ఇంద్రియముల వ్యాపారమాత్రమును కాదు, శ్రుతి దానిని వేరుగా ఉపదేశించినది గనుక అని నిర్ణయము కలదు. సూత్రకారుడే ప్రాణమును వాయువుతో సమము చేయవద్దనగా, మనము దానిని ఒక మూలకముతో సమము చేయుట ఏల? ఋషులు దర్శించినది సంబంధమును. దాని భౌతికమైన లెక్కను పరిశోధకులు తరువాత కనుగొనిరి. రెండింటిని వాటి వాటి స్థానములలో నిలిపినపుడే రెండును ప్రకాశించును.

తొట్టిలోని విల్లో, గాజుపాత్రలోని పుదీనా

చెట్టు ఏమి తిని పెరుగును? మట్టిని తిని అని చిరకాలము భావించిరి. పదునేడవ శతాబ్దమున వాన్ హెల్మాంట్ అను వైద్యుడు తొట్టిలో తూచి పోసిన మట్టియందు విల్లో మొక్కను నాటి, అయిదేండ్లు నీరు మాత్రము పోసెను. చెట్టు 164 పౌండ్లు పెరిగెను. మట్టి రెండు ఔన్సులు మాత్రము తగ్గెను. చెట్టు నీటితోనే నిర్మితమైనదని ఆయన తేల్చెను. ఆ ప్రయోగము ఆయన మరణానంతరము 1648లో ప్రకటితమయ్యెను. వింత ఏమనగా, 'గ్యాస్' అను మాటను లోకమునకిచ్చినవాడు ఆయనయే. అయినను తన చెట్టు గాలి నుండి కూడ భుజించుచున్నదని ఊహింపలేదు.

1727లో స్టీఫెన్ హేల్స్ ఆకులు గాలి నుండి కొంత గ్రహించునని సూచించెను. 1750లలో జోసెఫ్ బ్లాక్ మన నిశ్వాసములో ఉన్న వేరొక వాయువును గుర్తించెను. 1771 ఆగస్టు 17న జోసెఫ్ ప్రీస్ట్లీ, క్రొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలి గల గాజుపాత్రలో పుదీనా కొమ్మను ఉంచెను. పది దినముల పిమ్మట అదే గాలిలో క్రొవ్వొత్తి మరల వెలిగెను. ప్రాణులు పాడుచేసిన గాలిని మొక్కలు బాగుచేయునని ప్రపంచమునకు మొదటిసారి రుజువైనది. ఆయన చర్చి ఉపదేశకుడు; ఈ ఫలితమున దైవకృపనే చూచెను.

అయితే ప్రీస్ట్లీ ప్రయోగము చేసిన ఇతరులకు ఆ ఫలితము ఒకప్పుడు వచ్చెను, ఒకప్పుడు రాలేదు. ఎందువలన? 1779లో జాన్ ఇంగెన్‌హౌస్ సమాధానము కనుగొనెను. మొక్క ఆ పని చేయుటకు సూర్యకాంతి కావలెను. అదియు ఆకుపచ్చని భాగములే చేయును. చీకటిలో మొక్క కూడ మనవలెనే శ్వాసించి గాలిని మార్చును. 1782లో జీన్ సెనెబియర్ మొక్క స్వీకరించునది మన నిశ్వాస వాయువునేయని చూపెను. 1804లో సొస్సూర్ నీరు కూడ ఆ నిర్మాణమున చేరునని తూచి నిరూపించెను. 1845లో మేయర్ అను వైద్యుడు ఆకు సూర్యతేజమును రసాయనిక శక్తిగా నిలువచేయుచున్నదని చెప్పెను.

ఇంగెన్‌హౌస్ నిర్ణయము మనకు ఒక విషయమున ముఖ్యము. రావిచెట్టు రాత్రియందు కూడ ప్రాణవాయువును విడుచును గనుక పూజ్యమని తరచుగా చెప్పుదురు. చీకటిలో ఏ వృక్షమును ప్రాణవాయువును తయారుచేయజాలదు. అశ్వత్థము పూజ్యమగుటకు ఆ అసత్యము ఆధారముగా అక్కరలేదు. పిప్పలాదుని పేరిటనే దాని ఫలమున్నది. భక్తి సత్యమునకు భయపడరాదు.

పేర్లలో దాగిన చరిత్ర

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లావోయిజే ఈ వాయువునకు ఆక్సిజన్ అని పేరు పెట్టెను. ఆమ్లమును పుట్టించునది అని దాని అర్థము. ఆమ్లములన్నింటికి ఇదియే మూలమని ఆయన నమ్మెను. ఆ నమ్మకము పొరపాటని తరువాత తేలెను. మన తెలుగు పండితులు ఆ పేరునే అనువదించి 'ఆమ్లజని' అనిరి. అనగా లావోయిజే పొరపాటు మన భాషలో నేటికిని భద్రముగా నున్నది. 'ప్రాణవాయువు' అను రెండవ పేరు మన సంప్రదాయము నుండి వచ్చినది. పైన చెప్పిన గందరగోళమునకు కారణము కూడ ఆ పేరే.

మూడవ పేరు అన్నింటికంటె సొగసైనది. మన నిశ్వాసములోని వాయువును తెలుగువారు 'బొగ్గుపులుసు వాయువు' అనిరి. నీటిలో కరిగి పులుపునిచ్చును, బొగ్గు మండిన పుట్టును. మనుష్యుడు విడుచు ఊపిరిలో బొగ్గు ఉన్నదని పల్లెటూరి బడిపిల్లవానికి కూడ ఆ పేరే బోధించెను.

ఆ బోధ అలంకారము కాదు. 1780లలో లావోయిజే, లాప్లాసు కలిసి గినీపందిని మంచుతో చుట్టిన పాత్రలో ఉంచి, దాని దేహోష్ణమునకు ఎంత మంచు కరగెనో, అది ఎంత బొగ్గుపులుసు వాయువును విడిచెనో కొలిచిరి. బొగ్గును మండించి కూడ అట్లే కొలిచిరి. రెండును దాదాపు సరిపోయినవి. శ్వాస నెమ్మదిగా జరుగు దహనమని తేలినది. జఠరాగ్ని అను మాట విని పెరిగిన మనకు ఇది వింత కాదు. కాని వారు అగ్నిని తూచిరి. లావోయిజేను 1794 మే 8న ఫ్రెంచి విప్లవకారులు శిరశ్ఛేదము చేసిరి.

ఊపిరి చేరు గమ్యము

మనము గ్రహించు గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు, 0.04 పాలు బొగ్గుపులుసు వాయువు. విడుచు గాలిలో మొదటిది 16 పాళ్లకు దిగును, రెండవది 4 పాళ్లకు పెరుగును. ఈ మార్పు ఊపిరితిత్తులలోని కోట్లకొలది వాయుగోణులలో జరుగును. వాటి గోడలన్నింటిని పరచిన ఒక పెద్ద ఇంటి వైశాల్యమంత, సుమారు 70 చదరపు మీటర్లు, అగును. గోడ మందము వెంట్రుక మందములో నూరవ వంతు కూడ ఉండదు. దానికి ఒకవైపు గాలి, మరియొకవైపు రక్తము.

అచ్చట వాయువును త్రోయు యంత్రమేదియు లేదు. ఎక్కువ ఉన్నచోటి నుండి తక్కువ ఉన్నచోటికి వాయువు తనంత తాను ప్రసరించును, దీనిని వ్యాపనమందురు. ప్రాణవాయువును ఖర్చుచేసి రిక్తమై వచ్చిన రక్తమునకే అది లభించును. నిండియున్న చోటికి ప్రవేశము లేదు.

ప్రాణికోటి అంతయు ఈ ఒక్క నియమమునే వేర్వేరు విధముల పాటించుచున్నది. లీటరు గాలిలో 210 మిల్లీలీటర్ల ప్రాణవాయువుండగా, వేసవి గోదావరి లీటరు నీటిలో ఆరు మిల్లీలీటర్లు కూడ ఉండుట అరుదు. అందుచే చేప మొప్పలలో నీరొకవైపునకు, రక్తము ఎదురువైపునకు ప్రవహించుచు, ఉన్న కొద్దిపాటిని కూడ విడువక గ్రహించును. కీటకములకు రక్తముతో పనిలేదు. సన్నని వాయునాళములు గాలిని తిన్నగా అవయవములకే చేర్చును. కప్ప తన తడి చర్మముతో కూడ శ్వాసించును. తెలంగాణ రాష్ట్ర మత్స్యమైన కొర్రమీను మరియొక విచిత్రము. దానికి మొప్పలు మాత్రము చాలవు. తలలోని ప్రత్యేకమైన గదితో గాలిని నేరుగా గ్రహించును. నీటిపైకి రానీయనిచో నీటిలోనే ఊపిరాడక చనిపోవును. వర్షము లేక బురదగా మారిన గుంటలో కూడ బ్రతుకుటకు ఆ ఏర్పాటే కారణము.

ఇంతయు లోపలికి చేరుట వరకే. చేరిన ప్రాణవాయువు బలముగా ఎట్లు మారును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవారిలో ఒకరు గోదావరీ తీరవాసి. 1895 జనవరి 12న భీమవరమున పుట్టి, రాజమహేంద్రవరమున చదివిన యల్లాప్రగడ సుబ్బారావు యువకుడుగా రామకృష్ణ మఠమున సన్న్యసింపగోరినవాడు. తుదకు వైద్యవిద్య ఆయన మార్గమయ్యెను. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీ అను పదార్థమును వెలికి తీసెను. అదే సంవత్సరము జర్మనీలో లోమాన్ కూడ ఏటీపీని స్వతంత్రముగా కనుగొనెను. శ్వాసాగ్నిలో అన్నము దహింపబడగా వచ్చు శక్తి ఈ ఏటీపీ రూపమున నిలిచి, కన్ను రెప్పవేయుటకును, గుండె కొట్టుకొనుటకును ఖర్చగుచున్నది. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి ప్రాణమును శరీరమును ఒకదానియందొకటి ప్రతిష్ఠితములని చెప్పును. సన్న్యాసి కాగోరిన ఆ తెలుగువాడు ప్రయోగశాలలో వెదకినది ఆ రెండు కలియు చోటినే.

పర్ణశాల: ఆకు అను గృహము

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున గోదావరీ తీరమందు పర్ణశాల కలదు. సీతారామలక్ష్మణులు వనవాసమున నివసించిన ఆకుల కుటీరము ఇచ్చట ఉండెనని భక్తుల విశ్వాసము. పర్ణశాల అను మాటను మరియొక దృష్టితో చూడుడు. ఆకు తానే ఒక శాల. దాని అడుగుభాగమున కంటికి కనబడని ద్వారములు వేలకొలది ఉన్నవి, వాటిని పత్రరంధ్రములందురు. ప్రతి ద్వారమునకు రెండు రక్షక కణములు ద్వారపాలకులవలె నిలిచియుండును. నీరు నిండినపుడు అవి ఉబ్బి వంగి ద్వారము తెరచుకొనును, వడలినపుడు మూసికొనును.

ఈ ద్వారమున ఒక ధర్మసంకటము కలదు. తెరచిననే గాని బొగ్గుపులుసు వాయువు లోనికి రాదు. తెరచినచో లోపలి నీరు ఆవిరియై పోవును. గాలిలో ఆ వాయువు పదివేల పాళ్లలో నాలుగే. దానిని సంపాదించుటకు ఆకు దానికి వందల రెట్లు నీటిని కోల్పోవును. ఏమియు కోల్పోక ఏదియు పొందుట ఆకునకు కూడ సాధ్యము కాదు.

అందుచేతనే కిన్నెరసాని అడవులలోని టేకు, మద్ది, తునికి వంటి వృక్షములు నీరు తగ్గిన శిశిరమున ఆకులు రాల్చివేయును. శాలకే తలుపులు వేసి, వినిమయమును ఆపి, ఉన్న నీటితో ఓర్చుకొనును. మోదుగ ఆకులేని కొమ్మల మీద ఎర్రగా పూయును. ఇప్పపూలు నేల రాలును. శ్రీరామనవమికి భక్తులు భద్రాద్రి చేరు చైత్రమాసమునకు అడవి క్రొత్త చిగురు తొడుగుచుండును. ఆ లేత తునికాకును ఏరి, కట్టలు కట్టి కోయలు జీవనము సాగింతురు. ఆకు తెరచుకొను వేళయే వారికి అన్నము దొరకు వేళ.

ఆకులో జరుగు పని ఏమనగా, సూర్యకాంతి సాయమున నీటిని విడదీసి, ప్రాణవాయువును వెలికి పంపి, మిగిలినదానిని బొగ్గుపులుసు వాయువుతో కలిపి పిండిపదార్థమును చేయుట. వెలికి వచ్చు ప్రాణవాయువు నీటిలోనిదేయని 1941లో రూబెన్, కామెన్ నిరూపించిరి. మన దేశమున ఆచార్య జగదీశచంద్ర బోసు మొక్కల కిరణజన్య క్రియను కొలుచు సాధనమును నిర్మించి, 1924లో ఆ విషయమున గ్రంథమే ప్రకటించెను. సూర్యుడు ఒకే పదార్థమును రెండుగా విడదీయుచున్నాడు: ఒకటి గాలిగా ఎగిరిపోవునది, మరియొకటి ద్రవ్యముగా నిలుచునది. పిప్పలాదుని ప్రాణ-రయి జంట ఇచ్చట గుర్తుకు రాకమానదు. ఇది పోలిక మాత్రమే. అయినను మననమునకు తగిన పోలిక.

భూగర్భమున దాచిన శ్వాస

ఇపుడు ఇల్లెందు నల్లరాతి యొద్దకు పోదము. ఆ బొగ్గు ఉన్న శిలలను భూగర్భశాస్త్రజ్ఞులు గోండ్వానా శిలలందురు. గోండుల నివాసభూమి నుండి ఆ పేరు వచ్చినది. భద్రాచల అరణ్యములందలి కోయలు ఆ గోండుల బంధుజాతియే. ఆదిలాబాదు మొదలు ఖమ్మము వరకు ఈ బొగ్గు వ్యాపించిన ప్రాంతమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ప్రాణహిత-గోదావరి లోయ. కాళేశ్వరమున గోదావరిలో కలియు ప్రాణహిత నది పేరు అది. ప్రాణమునకు హితమైనది అని అర్థము గల లోయలోనే ప్రాచీన ప్రాణుల అవశేషము దొరకుట యాదృచ్ఛికమే అయినను స్మరణీయము.

ఆ అరణ్యము సుమారు 28 కోట్ల సంవత్సరముల నాటిది. నాలుక ఆకృతి గల ఆకులతో గ్లోసోప్టెరిస్ అను వృక్షములు చిత్తడి నేలలలో దట్టముగా పెరిగెను. వాటి ఆకుల ఈనెలు నేటికిని రాళ్లలో ముద్రలుగా కనిపించుచున్నవి. సామాన్యముగా చెట్టు పడినపుడు చెదలు, శిలీంధ్రములు, సూక్ష్మజీవులు దానిని తిని, అది జీవితకాలమున విడిచిన ప్రాణవాయువునంతయు తిరిగి వాడుకొనును. లెక్క సరిపోవును. అందుచే ముదిరిన అడవి తాను చేసిన ప్రాణవాయువులో అధికభాగమును తానే ఖర్చుచేయును. కాని చిత్తడి నీటిలో మునిగిన చెట్లకు గాలి తగలలేదు. కుళ్లుట పూర్తి కాలేదు. పైన ఇసుక, బురద పేరుకొనెను. లెక్క సగములో నిలిచిపోయెను. కర్బనము భూమిలో పడియుండెను; దానికి జతయైన ప్రాణవాయువు గాలిలో మిగిలిపోయెను.

గాలిలో ఇంత ప్రాణవాయువు నిలిచియుండుటకు ఇదియే మూలకారణము. యుగయుగముల తరబడి సముద్రపు బురదలలోను, షేల్ శిలలలోను, కొంతభాగము బొగ్గుపొరలలోను కర్బనము పూడిపోయెను. దానికి సరిపడు ప్రాణవాయువు పైన నిలిచెను. నేడు మనము పీల్చునది ఈ సంవత్సరపు చెట్టు ఇచ్చిన దానము మాత్రము కాదు. మనకు పేరు కూడ తెలియని వనములు భూమిలో విడిచిపోయిన నిక్షేపమునకు ఫలము. ఇల్లెందు బొగ్గును, మన ఊపిరిలోని గాలియును విడిపోయిన ఒక జంటకు రెండు భాగములు.

గనిలోని గాలి

ఆ నిక్షేపమును తీయుటకు దిగిన మానవుడు మొదట ఎదుర్కొన్న శత్రువు గాలియే. లోతైన గనిలో బొగ్గు తనంత తాను నెమ్మదిగా ప్రాణవాయువును గ్రహించుచు బొగ్గుపులుసు వాయువును విడుచును. దీపము సన్నగిల్లి ఆరిపోవును. మండు వాయువు పేరుకొన్న చోట నిప్పురవ్వ చాలును. ఇంగ్లండులో జె.ఎస్. హాల్డేన్ 1896లో గని ప్రమాదములను పరిశీలించి, ప్రేలుడు వలన కంటె దాని తరువాత వ్యాపించు కార్బన్ మోనాక్సైడు వలననే ఎక్కువమంది మరణించుచున్నారని తేల్చెను. ఆ వాయువు రక్తములోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. రంగు లేదు, వాసన లేదు. మనుష్యుని కంటె ముందుగా సోలిపోవు చిన్న పక్షులను గనిలోనికి తీసికొనిపోవుమని ఆయన సలహా ఇచ్చెను.

సింగరేణి గనులలో దిగిన తరముల కార్మికులకు పంకాల ద్వారా పైనుండి వచ్చు గాలియే ప్రాణము. పై ప్రపంచమున మనము లెక్కచేయని గాలి అచ్చట కొలిచి పంపబడును. ప్రాణము ఇతరాధీనమని ఉపనిషత్తు చదివి మనము తెలిసికొందుము. గనికార్మికుడు ప్రతి షిఫ్టులోను తెలిసికొనును. ఆ బొగ్గుతో పాల్వంచలో 1960ల నుండి విద్యుత్తు పుట్టినది. తెలుగునాట ఇండ్లలో దీపములు వెలిగినవి. ఆ శ్రమకు మనము ఋణపడియున్నాము. బొగ్గును నిందించుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు.

చక్రము, ఋణము

అయినను లెక్క చెప్పక తప్పదు. పన్నెండు కిలోల కర్బనము మండిన ముప్పదిరెండు కిలోల ప్రాణవాయువును గ్రహించి నలుబదినాలుగు కిలోల బొగ్గుపులుసు వాయువగును. బొగ్గు కాల్చుటచే ప్రాణవాయువు అయిపోవునని కొందరు భయపడుదురు. అది నిజము కాదు. నూటికి 21 పాళ్ల నిధిలో ఆ తరుగు అత్యల్పము. ప్రమాదము రెండవ వైపున ఉన్నది. బొగ్గుపులుసు వాయువు మిగుల స్వల్పము గనుకనే కొద్దిపాటి చేర్పుతో దాని పాలు మారిపోవును. యంత్రయుగమునకు ముందు పది లక్షల పాళ్లలో 280 ఉండెడిది. 1958లో హవాయి ద్వీపమున చార్లెస్ కీలింగ్ కొలుచుట ఆరంభించినపుడు సుమారు 315. నేడు 420 దాటినది. అది భూమి ఉష్ణమును పట్టి ఉంచును. వేలాది తరముల ఆకులు దాచినదానిని మనము నాలుగైదు తరములలో విడుచుచున్నాము.

కీలింగ్ గీసిన రేఖలో మరియొక దృశ్యము కలదు. ప్రతి సంవత్సరము ఉత్తరార్ధగోళమున ఆకులు విప్పారు నెలలలో ఆ రేఖ దిగును. ఆకులు రాలు నెలలలో ఎక్కును. భూమండలమే సంవత్సరమునకొక ఉచ్ఛ్వాసము, ఒక నిశ్వాసము చేయుచున్నట్లు కనిపించును. ప్రతి సంవత్సరము ఎక్కు మెట్టు మాత్రము పెరుగుచునే యున్నది.

గీత మూడవ అధ్యాయమున భగవానుడు యజ్ఞచక్రమును వర్ణించి, ప్రవర్తితమైన ఆ చక్రమును అనుసరింపక తన ఇంద్రియములకై మాత్రము జీవించువాని బ్రతుకు వ్యర్థమనెను. వినిమయమే యజ్ఞము. పుచ్చుకొని ఇచ్చువాడు యజమానుడు. పుచ్చుకొనుట మాత్రమే ఎరిగినవాడు దొంగ అని గీతాభిప్రాయము. దేవ, ఋషి, పితృ ఋణములను మనము స్మరింతుము. పర్ణఋణమను పేరు ఏ స్మృతిలోను లేదు. కాని భూతయజ్ఞమును నిత్యవిధిగా చెప్పిన ధర్మమున దానికి చోటున్నది. భద్రాద్రికి పోవు భక్తుడు దారిలో నిప్పు ఆర్పక విడువకుండుట, ఒక చెట్టును నాటుట కంటె ఉన్న పది చెట్లను నరకనీయకుండుట, అడవినే ఇల్లుగా గల కోయల హక్కును తన తీర్థయాత్రలో భాగముగా గౌరవించుట: ఇవి ఆ యజ్ఞమునకు ఆహుతులు.

మన సంప్రదాయము మానవుని శ్వాసలను దినమునకు 21,600గా లెక్కించి, వాటిని అజపాజపమనినది. నిమిషమునకు 15 చొప్పున ఆ లెక్క దేహధర్మమునకు సరిపోవుచున్నది. ఆ శ్వాసలతో ఒక మనుష్యుడు దినమునకు సుమారు ఒక కిలో బొగ్గుపులుసు వాయువును విడుచును. ఇందులో ఒక రహస్యమును గమనింపుడు. మనము పలుకుట ఉచ్ఛ్వాసమున కాదు, నిశ్వాసమున. దేహము అక్కరలేదని బయటికి పంపు గాలియే కంఠమున నాదమగును. కంచర్ల గోపన్న గోల్కొండ కారాగారమున సర్వమును కోల్పోయిన దశలో శ్రీరాముని కీర్తించినదియు ఆ విడిచిన ఊపిరితోనే. తానాషా ఆయనను బంధింపగలిగెను. ఆ ఊపిరిని బంధింపలేకపోయెను. దేహమునకు వ్యర్థమైనది నోట నామమయ్యెను. వెలుపల ఆకునకు అన్నమయ్యెను.

కావున రామనామమును పలుకునపుడు ఈ భావనను కూడ చేర్చుకొనవచ్చును: లోనికి వచ్చినది నాది కాదు, ఎన్నడో విడిచిపోయిన వనముల నిక్షేపము, బయటికి పోవునది కూడ నాది కాదు, ఎదుటి ఆకు భాగము. నడుమ నిలిచిన క్షణమాత్రము దానిని నాది అని పిలుచుచున్నాను. ఆ క్షణమును నామముతో నింపుటయే మన చేతిలోని పని.

శ్రీ సీతారామచంద్రార్పణమస్తు.